టైలరింట్లో మాయమైన మూతలు

టైలరు ఇంట్లో గిన్నెల మూతలు అమ్ముకుని తాగుతున్నాడని వీధిలో ఒక మాట పుట్టింది. పుట్టించింది పాత్రల కొట్టువాడు. టైలరు భార్య మాటిమాటికీ వచ్చి ఉత్త మూతలే కొంటోంది, గిన్నె ఒక్కటీ కొనడం లేదు. మిగతా కథ వాడే అల్లుకున్నాడు. గోరంత దొరికితే కొండంత చేసే నోళ్లకు మన వీధిలో కరువా? మూతలు మాయమైన మాట నిజమే. తాగుడు మాట మాత్రం పచ్చి అబద్ధం. ఆ మనిషికి టీలో పంచదార ఎక్కువైతేనే తల తిరుగుతుంది.

అసలు సంగతి మనవరాలి దగ్గర మొదలైంది. కూతురి కాన్పు సెలవు అయిపోవచ్చింది. పగలు పాపను అమ్మమ్మ దగ్గరే వదలాలని అందరికీ ఉంది. కానీ అమ్మమ్మకు చెవులు బాగా మందగించాయి. చెవి మిషనేమో ఈలలు వేస్తోందని తీసి డబ్బాలో పడేసింది.

"పోనీలే, పిల్లల్ని చూసుకునే చోటేదో చూసి చేర్పించు. ఇది ఏడిస్తే నాకు వినపడదుగా," అని ఆవిడే అనేసి బట్టలు మడతపెట్టడానికి కూర్చుంది. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెట్టడం టైలరు చూశాడు.

పాత రేడియోలు విప్పి బిగించడం ఆయనకు చిన్ననాటి సరదా. ఆ ధైర్యంతోనే ఒక పెట్టె తయారుచేశాడు. తొట్టెలో పాప ఏడిస్తే అమ్మమ్మ చేతి పట్టీ గజగజ వణుకుతుంది. పనిచేసింది కూడా. చిక్కల్లా లోపలున్న మూడుకాళ్ల బిళ్లతో వచ్చింది. దాన్ని రెగ్యులేటరంటారు. వోల్టేజీని తగ్గించి పెట్టెకు కావలసినంతే ఇవ్వడం దాని పని. అది పెనంలా కాలుతోంది. ముట్టుకుని చూసీ చూసీ ఆయన చూపుడువేలు బొబ్బెక్కింది.

వేడి లాగేస్తుందని అల్యూమినియం మూత ఒకటి కత్తిరించి ముక్క బిగించాడు. చాలలేదు. ఇంకో మూత నుంచి పెద్ద ముక్క కోశాడు. ఆఖరికి మూత మూతంతా బిగిస్తే గానీ వేడి దారికి రాలేదు.

కూతురు దాన్ని ఎగాదిగా చూసింది. "నాన్నా, ఇది పాప కోసమా, పాలు కాచుకోవడానికా?"

"చల్లబడిందమ్మా, పట్టుకుని చూడు."

"ఈ అంచు దాని కంటికి తగిలితే? వద్దు నాన్నా. సోమవారం చేర్పించేస్తాను."

మెల్లగానే అంది. అమ్మమ్మకు మాట వినపడకపోయినా పెదవులు అర్థమయ్యాయి. కొంగుతో పాప మూతి తుడిచి వంటింట్లోకి వెళ్లింది.

టైలరు పెట్టె చంకన పెట్టుకుని రేడియో రిపేరు కొట్టుకు పరుగెత్తాడు. రిపేరువాడు మూత చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"బాబాయ్, దీనికి తిండెంత పెడుతున్నావ్?"

"పన్నెండు వోల్టులు. ఇంట్లో పాత అడాప్టరు ఉంటేనూ."

"పెట్టెకి కావాల్సింది ఐదు. మిగతాదంతా ఇది ఒళ్లు కాల్చుకుని తగలేస్తోంది. నువ్వు తిండి తగ్గించకుండా దానికి విసురుతూ కూర్చున్నావ్."

"అయితే ఐదే పెడతా."

"ఐదుకి ఐదే పెడితే పడకేస్తుంది. కుట్టుకి అంచు వదులుతావా లేదా? అట్లా కాస్త వదులు."

టైలరు క్షణం ఆలోచించాడు. "ఏడున్నర?"

"సరిగ్గా కోశావ్."

జానెడు గౌనుకు గుడ్డ తానంతా కత్తెర కింద పెట్టానే అని దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు టైలరు. ఏడున్నర అడాప్టరు తగిలించాక బిళ్లకు బొత్తామంత రేకు సరిపోయింది.

కూతురు ఆ పెట్టెను చాలాసేపు చెంపకు ఆనించుకుంది. తర్వాత తొట్టె పక్కన పెట్టి గుమ్మంలో నిలబడింది. అమ్మమ్మ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. పాప లేచి గుక్కపెట్టింది. అమ్మమ్మ తన మణికట్టు వంక చూసుకుంది. కుళాయైనా కట్టకుండా వెళ్లి, "వచ్చా, వచ్చా, నా తల్లీ," అంటూ ఎత్తుకుంది. కూతురు పాపను చేర్పించడానికి సర్దిన సంచీలోంచి పాలసీసా తీసి వంటింటి గూట్లో పెట్టింది.

ఎదురింటి పెద్దావిడ ఇదంతా ఆరా తీసినా ఒక్క ముడి మిగిలిపోయింది. జాకెట్టు కొలతలివ్వడానికని వెళ్లి సూటిగానే అడిగేసింది.

"ఏమయ్యా తమ్ముడూ, రోజంతా ఇంట్లోనే మిషను తొక్కుతావు. నీ చెవులు బాగానే ఉన్నాయి. పాప ఏడిస్తే లేచి వెళ్లి చెప్తే పోయేదానికి, ఈ తంటాలన్నీ ఎందుకు?"

టైలరు దారం కొరికి, సూది బెజ్జంలోకి ఎక్కించాడు.

"నేను చెప్తే నా మాట మీద లేచినట్టవుతుందక్కా. పాప పిలిస్తే లేచినట్టుండాలి కదా."