మల్లేశం పేరు మీది ఎక్స్‌రే

2004లో బొల్లారంలోని మందుల ముడిపదార్థాలు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో నేను వైద్యాధికారిని. మల్లేశం అక్కడ మందు పొడిని ద్రవం నుంచి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రానికి ఆపరేటర్. కీళ్లవాతంతో వేళ్ళు వంకరపోయి, వాల్వు తిప్పలేని స్థితికి వచ్చాడు. హైదరాబాదులో ఒక కీళ్ల నిపుణుడు అతనికి బయోలాజిక్ అనే కొత్తరకం మందు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడో మోతాదు తరువాత మల్లేశం నా గదికి వచ్చి పిడికిలి బిగించి చూపించాడు. నా సర్వీసులో అలాంటి మందును చూడలేదు. నాకే గంతులు వేయాలనిపించింది.

కొన్ని వారాలకు అతనికి జ్వరం, దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. ప్లాంటులో ఆవిరి పీల్చి ఉంటాడని దగ్గు మందు రాసి పంపాను. మా దగ్గర ఎవరు దగ్గినా ముందు ప్లాంటునే అనుమానిస్తాం. నేనూ అదే పొరపాటు చేశాను. వారం తిరిగేసరికి మెట్లు ఎక్కలేకపోయాడు.

అప్పుడు ఎక్స్‌రే తీయించాను. రెండు ఊపిరితిత్తుల నిండా మచ్చలే. కీళ్ల మంటను అణచే ఆ మందు, ఒంట్లో అణిగి ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసే శక్తినీ తగ్గిస్తుంది. అందుకే మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. నిపుణుడు చూసింది మా వార్షిక వైద్య పరీక్షలో తీసిన ఫిల్ము. అందులో ఒక్క మచ్చా లేదు.

రెండు ఫిల్ములనూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టాను. పాతదాంట్లో ఎడమ కాలర్ ఎముక విరిగి అతుక్కున్న గుర్తుంది. కొత్తదాంట్లో అదే ఎముక నున్నగా ఉంది. అంత గుర్తు ఏడాదిలో మాయం కాదు! ఆ రెండూ ఒకే మనిషివి కావు. దొంగ దొరికినంత సంబరం కలిగింది. ఎదురుగా మనిషి ఆయాసపడుతుంటే సంబరమేమిటని సిగ్గూ వేసింది.

అడిగితే తల వంచుకున్నాడు. "ఆ ఫోటో నాది గాదు సార్. నా షిఫ్టుల చేసే యాదగిరి నా పేరు మీద నిలబడ్డడు. అప్పట్ల జెర దగ్గుండె. ఛాతిల మచ్చ కనపడితే పనిలకెళ్ళి తీసేస్తరని భయమైంది."

తరువాతి మోతాదు మర్నాడే. వెంటనే నిపుణుడికి ఫోన్ చేసి ఆపించాను. కఫంలో క్షయ క్రిములు కనిపించాయి, చికిత్స మొదలైంది. బతుకుతాడో లేదోనని నిపుణుడే సందేహించాడు. నెల దాటాక నా గది మెట్లు తానే ఎక్కి వచ్చాడు. ఆ రోజు పట్టలేనంత సంతోషపడ్డాను.

మల్లేశాన్ని కోప్పడదామనుకుని మానేశాను. వైద్య పరీక్ష రిపోర్టులను మొదట ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకు పంపుతూ వచ్చింది నేనే. మరుసటి ఏడాది నుంచి వాటిని మొదట కార్మికుడి చేతికే ఇవ్వసాగాను. రోగం బయటపడితే ఉద్యోగం పోతుందనుకునే మనిషి వైద్యుడికి తన ఛాతీని చూపించడు.