మామకు అందని వాసన

మామ పోయాడని విల్లియనూరు నుంచి కంపెనీ ఫోనుకి కబురొచ్చినప్పుడు నేను తట్టాంచావడిలో డ్యూటీలో ఉన్నాను. పోతాడని అందరికీ తెలిసిందే. అయినా బస్సెక్కాక ఏడుపు ఆగలేదు.

మా అమ్మ తమ్ముడాయన. ఫ్రెంచి పటాలంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నది ఒకటే పిచ్చి, ముదిరిన ఎర్ర వైను. సీసా గడప దాటడానికి అత్త ఒప్పుకోలేదు. అందుకని చేలో మోటారు షెడ్డు మూల, తడి ఇసుకలో సీసాల్ని పడుకోబెట్టేవాడు. బిరడా ఎండకూడదట. రోజూ పోయి నీళ్ళు చల్లొచ్చేవాడు.

"నా మల్లెచెట్టుకి ఒక చెంబు పోసింది లేదు" అని అత్త సణిగేది.

ఆదివారం మధ్యాహ్నం అరుగు మీద ఒక్క గ్లాసు. తాగడం కన్నా వాసన చూడడమే ఎక్కువసేపు. మీరు చూసుంటే తాగుతున్నాడనుకోరు, జపం చేస్తున్నాడనుకుంటారు. నేను నవ్వితే, "తొందరేందే? ఇన్నేండ్లు సీసాలో కూర్చునింది, గ్లాసులో కాసేపు కూర్చోనీ" అనేవాడు. గిన్నె మూత తీయగానే ఆగి వాసన చూసే అలవాటు నాకు ఆయన్నుంచే వచ్చింది.

మామకి ముక్కు వెనక గడ్డన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. గడ్డ తగ్గలేదు గానీ వాసనా రుచీ రెండూ పోయాయి. మిరియాల రసం కూడా వేడినీళ్ళేనన్నాడు. నాకు దేవుడి మీద ఒళ్ళు మండింది. తీసుకోవడానికి ఇంకేమీ కనబడలేదా?

పోయే ముందు, అన్నిటికన్నా పాత సీసా నాచేత తెప్పించాడు. ఆయన ఎన్నో ఏళ్ళు కాపాడుకున్న సీసా అది. బాగా ముదిరిందో, చెడిపోయిందో తెలియకుండా పోవడం ఆయనకిష్టం లేదు. అత్తే మంచం దగ్గరికి తెమ్మంది. మామ గ్లాసులో ముక్కుపెట్టి చాలాసేపు ఉన్నాడు. తల అడ్డంగా ఊపి, గ్లాసు అత్తకిచ్చాడు.

"నువ్వు చూసి చెప్పు."

"నాకేం తెలుసు ఈ కర్మ?" అంటూనే అత్త వాసన చూసింది. "ఎండు రేగుపండు మాదిరి ఉండాది. పాత చింతపండు. మీ నాయన పొగాకు సంచి. వాన పడినాక చేలో మట్టి..."

"తోలు వాసన?"

"ఉండాది. కొత్త చెప్పు కాదు, బాగా తొడిగింది."

మామ కళ్ళు మూసుకున్నాడు. "చెడలేదు. ఇంగ తాగి చెప్పు."

జన్మలో చుక్క ముట్టని మనిషి, పమిటతో కళ్ళు తుడుచుకుని తాగింది. "వగరు. వక్క నమిలినట్టు. ఇప్పుడు మెత్తబడతా ఉండాది. మింగినా పోలేదు, నోట్లోనే ఉండాది."

"ఇంకొంచెం" అన్నాడు.

అత్త గుటక వేసినప్పుడల్లా, మంచం మీద ఆయన ఎండిన గొంతు కూడా కదిలింది.