తెల్లసూట్ల పాటగాడు

నేను డిగ్రీ చదివే రోజుల్లో విశాఖలో ఐదుగురు కుర్రాళ్లు తెల్లసూట్లు, నల్ల కళ్లద్దాలతో ఒక పాప్ బ్యాండ్ పెట్టారు. ఒక్క క్యాసెట్‌తోనే ఆగిపోయారు. నేనూ, నా స్నేహితురాలు రమణీ మాత్రం దాన్ని టేపు తెగేదాకా విన్నాం.

మొన్న చోడవరంలో మా ఆడపడుచు కూతురి రిసెప్షన్. పొద్దుటినుంచి చాకిరీతో కాళ్లు పీకుతున్నాయి. భోజనాల పక్కన చిన్న స్టేజీ మీద ఒకాయన కీబోర్డు వాయిస్తూ సినిమా పాటలు పాడుతున్నాడు. వినేవాళ్లే లేరు. గొంతును బట్టి గుర్తుపట్టాను, ఆ బ్యాండ్ గాయకుడే! దగ్గరికెళ్లి వాళ్ల పాటే పాడమన్నాను.

"అదింకా ఎవలికి గుర్తుందమ్మా? నానే సరణం మర్సిపోయేను," అన్నాడు నీరసంగా.

"నాకొచ్చండీ," అని మైకు అందుకున్నాను.

రెండో లైనుకే నా గొంతు కీచుమంది. ప్లేట్లు పట్టుకున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"పెళ్లోరి ముందు ఏటే ఈ ఏసాలు? దిగు!" అని మా అత్తగారు కేకేశారు.

సిగ్గుతో మైకు ఆయన చేతికిచ్చేశాను. అప్పుడాయన ఆ చరణం అందుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా పాడాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఈ పాట ఒకలడిగి ఇరవయ్యేళ్లయిందమ్మా," అని మళ్లీ సినిమా పాట మొదలుపెట్టాడు.

అత్తగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నారు. పడుతున్నాను. ఆయన గొంతూ అలిసిపోయింది, నేనూ అలిసిపోయాను. అయినా ఆ రోజు అడక్కుండా వచ్చేసి ఉంటే నన్ను నేను క్షమించుకోలేకపోయేదాన్ని.