ఎడిటర్‌కు పేపరు కప్పిన రోజు

కంప్యూటరును నిద్రపుచ్చి, దాని చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్న ఊరు భూమ్మీద ఒక్కటే ఉంది. ఆ ఘోరానికి కారకుణ్ణి నేనే. గుండె గట్టిగా ఉన్నవాళ్లే ముందుకు చదవండి.

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్లో రాసుకునే ఒక ఎడిటర్ ప్రోగ్రాం పిచ్చి పట్టింది. ముందు ఒక మీట నొక్కి అనుమతి తీసుకుంటే గానీ అందులో అక్షరం పడదు. నోట్‌ప్యాడ్ వాడేవాళ్లను చూస్తే విమానంలోంచి ఎడ్లబండిని చూసినంత జాలి నాకు!

తమిళనాడులోని మా కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే రత్నమ్మక్క షెడ్డు కప్పు గాలికి లేచిపోయింది. కొత్త కప్పు కోసం హోసూరు ఆఫీసులో అర్జీ ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. ఐదుకు తలుపు మూస్తారు.

"రెండు ముక్కలు టైపు చేసేది నేర్పించప్పా" అంటూ చెల్లెలు గౌరమ్మతో నా దగ్గరికి వచ్చింది.

"ఇది మామూలుది కాదక్కా. నాజూగ్గా చూసుకోవాల" అని ఎడిటర్ తెరిచి, ఆ మొదటి మీట సంగతి మాత్రం మరిచి, టీకి వెళ్లాను. టీ కొట్టులో దాని మహిమ గురించి రెండు గంటలు ఉపన్యసించాను. శ్రోతలు నేనూ, బన్నుల సీసా.

తిరిగొచ్చి కొయ్యబారిపోయాను. ఫ్యాను ఆపేశారు. కిటికీలు మూసేశారు. కంప్యూటరు మీద పాత పేపరు కప్పారు!

"ఏం చేస్తా ఉండారక్కా?"

"ష్! మెల్లగా మాట్లాడప్పా. ఎన్ని అక్షరాలు కొట్టినా మేత ముట్టలేదు. తల పైకెత్తుకొని అట్లే నిలిచిపోయింది. పొర విడస్తా ఉంది."

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేసి, తలెత్తి, కదలకుండా ఉంటుంది. అప్పుడు దాన్ని కదిపితే పంట పోయినట్టే.

"అక్కా, అది పురుగు కాదు!"

"మాకు తెలీదా ఏమి? నాజూగ్గా చూసుకోమన్నది నువ్వే కదప్పా!"

మూడున్నర దాటింది. నేనే కూర్చున్నాను. అర్జీ తమిళంలో కాబట్టి కీబోర్డును ముందే తమిళానికి మార్చి ఉంచిన సంగతీ మరిచాను. నా మహా ఎడిటర్‌కు తమిళ ఆజ్ఞలు తలకెక్కవు. రాయనివ్వదు, బయటికి పోనివ్వదు. నా చెమటకు కుర్చీ తేలింది.

"నీకూ ముట్టలేదు కదప్పా?" అంది గౌరమ్మ, ఓదార్పుగా.

రత్నమ్మక్క నిట్టూర్చి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని గడగడా తమిళంలో అర్జీ చెప్పేసింది. ఫోన్‌లో అక్షరాలు వాటంతటవే పడ్డాయి. ఎదురు జెరాక్సు కొట్టులో అచ్చు తీయించి బస్సెక్కింది. తలుపు మూయబోతుండగా అర్జీ లోపల పడింది.

కప్పు వచ్చింది. అర్జీ చూసి ముచ్చటపడిన ఆఫీసరు, ఫోన్‌లో ఇలా రాయడం ఊళ్లో ఆడవాళ్లందరికీ నేర్పమని ఆమెకే చెప్పాడట. సిగ్గు విడిచి ఆ పాఠానికి నేనూ వెళ్లాను. ఆమె నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, అందరితో అంది:

"ఈయప్పకు మెల్లగా చెప్పండమ్మా. పాపం, చానా చదువుకున్నోడు."

పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట రెండు ముక్కలు రాయాలని ఎవరొచ్చినా పెన్ను ఇస్తాను. మూత తీసి మరీ ఇస్తాను.