మా నాన్న కత్తికి బరంపురం తోలు

బరంపురం పట్టుకోసం వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. తోలుకోసం వెళ్లినవాణ్ని మా హుమ్మలో నేనొక్కణ్నే.

ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెబుతాను. మా నాన్నగారు ఉప్పు కొఠారులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మద్రాసు బదిలీ అయిపోతున్న ఒక దొర తన విలాయతీ మంగలికత్తిని ఆయనకిచ్చి వెళ్లాడు. నాటినుంచి నాన్నగారు తన గెడ్డం తానే గీసుకుంటున్నారు. రోజూ గీసేముందు ఆ కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ దువ్వితేగాని పదును నిలవదు. ఇంట్లోకి తోలు రాకూడదని అమ్మ శాసనం కాబట్టి పట్టీ వీధరుగు మేకుకే వేలాడేది. కిందటి నెల నాన్నగారు జ్వరంతో మంచమెక్కగానే దాన్ని వీధికుక్క ఎత్తుకుపోయింది. ఆయన లేచేసరికి గెడ్డం గుప్పెడు, కోపం గంపెడు. మంగలిని పిలుద్దామంటే వినరు. పైపంచె మొహానికి చుట్టుకొని, వచ్చినవాళ్లకి కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చునేవారు.

నాకు ఎంపిక చేతకాదన్నది మా ఇంట్లో స్థిరపడిపోయిన మాట. నేను తెచ్చిన వంకాయల్లో పురుగు, గొడుగులో చిల్లు ఉండి తీరతాయి. అయినా నన్నే పిలిచి, ఎన్నడూ నన్ను ముట్టుకోనివ్వని ఆ కత్తిని పెట్టెతో సహా నా చేతిలో పెట్టారు.

"ఒరే, తోలు కంటితో సూస్తే ఏటీ తెలీదు. కత్తి దువ్వి సూడు. ఎంట్రుక తెగితేనే తే. ఈ ఒక్కటేనా సరిగ్గా తెస్తావేటో సూస్తాను," అన్నారు.

చిన్నప్పటినుంచీ ఆయన నోట "బాగుంది" అనిపించుకోవాలని నాకు కోరిక. బడిపంతులునై, పదిమంది పిల్లలకి రోజూ ఆ మాట చెప్పేవాణ్నయినా ఆ కోరిక తీరలేదు. ఈ పట్టీతో తీర్చుకుంటానని పంతం పట్టాను.

ఏడు గంటల పాసింజరు ఏడున్నరకి వచ్చింది. మీరెప్పుడైనా వెళితే మూడో తరగతిలో ఎడమవైపు కిటికీ పట్టండి. పొద్దుటి ఎండకి ఉప్పుమళ్లు తళతళలాడుతూ కనిపిస్తాయి, తరవాత ఋషికుల్య వంతెన వస్తుంది. రంభనుంచే వస్తున్న ఒక ముసలావిడ నా ఒళ్లోని పెట్టె చూసి, "ఏటి బాబూ, అంత పదిలంగా పట్టుకున్నారు? దేవుడా?" అంది. కత్తి అన్నాను. ఆవిడ మూట తీసుకొని ఇంకో బల్ల మీదికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి బరంపురంలో దిగి, స్టేషను ఎదట హోటల్లో ఉప్మా, కాఫీ పుచ్చుకున్నాను. ఉప్మా పరవాలేదు, చట్నీ మాత్రం అడక్కండి. అక్కణ్నుంచి జట్కాలో పెద్ద బజారుకి వెళ్లాను. సూది మొదలు లాంతరు దాకా అమ్మే ఒక తెలుగు షావుకారు కొట్లో తోలుపట్టీలు ఉంటాయని జట్కావాడే చెప్పాడు. షావుకారు పరమ నిష్ఠాపరుడు. తోలు అమ్ముతాడుగాని ముట్టుకోడు. కొక్కెం కట్టిన వెదురుకర్రతో మూడు పట్టీలు దించి నా ముందు వేశాడు.

ఒకటి ఎర్రగా నిగనిగలాడే విలాయతీ సరుకు, ఇత్తడి కొక్కెంతో సహా. రెండోదానికి వెనక మందపాటి బట్ట కుట్టి ఉంది. మూడోది చికిటి ఊరినుంచి వచ్చిన నాటు గేదెతోలు, చూపుకి ఏమంత బాగాలేదు. వరసగా మూడింటి మీదా కత్తి దువ్వి ముంజేతి మీద గీశాను. మూడూ కోశాయి. ఏం తేలలేదు.

"సేతి ఎంట్రుకలేటి బాబూ, గడ్డి. మీసం కోస్తే తెలుస్తాది," అని షావుకారు అద్దమూ నీళ్లగిన్నే పెట్టించాడు.

మీసం కొసన ఒక్క ఎంట్రుకే కదా అనుకున్నాను. విలాయతీ పట్టీ మీద దువ్వి ఎడమ కొస గీస్తే, కత్తి పీకి కళ్లనీళ్లు తెప్పించింది. రెండోదాని మీద దువ్వి కుడి కొస గీస్తే, అనుకున్నదానికన్నా రెండింతలు పోయింది. ఇక పిల్లుల రొట్టె కోతి పంచినట్టే అయింది నా పని. ఇటు సరిచేస్తే అటు ఎక్కువ, అటు సరిచేస్తే ఇటు ఎక్కువ. చివరికి ముక్కుకింద మిగిలిన బొట్టంత మీసాన్ని గేదెతోలు పదునుతో తాకాను. కత్తి తగిలినట్టే తెలియలేదు. మీసం నీళ్లలో తేలుతోంది. దొరికింది, ఇదే పట్టీ అని గంతేయబోయాను.

"తండ్రిగారు ఉన్నారా బాబూ?" అన్నాడు షావుకారు మెల్లిగా.

"ఉన్నారు."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. బతికుండగా తీస్తే అరిష్టమని మావైపు అందరికీ తెలుసు. కత్తి ధ్యాసలో నాకొక్కడికీ తెలియకుండా పోయింది.

గేదెతోలు పట్టీ కొనుక్కొని బయటపడ్డాను గాని, పూటకూళ్లింట్లో అన్నం సయించలేదు. మూడు గంటల బండి ఎక్కితే ఎదురుగా కూర్చున్న ముసలాయన నా మొహం చూసి, "ఎప్పుడు పోనారు బాబూ?" అని అడిగాడు.

"పోలేదండీ, ఇంట్లోనే ఉన్నారు."

ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు. "అవును బాబూ. ఎక్కడికి ఎల్తారు? మన కాడే ఉంటారు."

ఇంకొకప్పుడైతే నవ్వేవాణ్ని. జ్వరంనుంచి మొన్ననే లేచిన మనిషి ముందు ఈ మొహంతో ఎలా నిలబడాలో తెలియక భయం వేసింది. బరంపురం మంచి ఊరే. మనుషులు మర్యాదస్థులు, బజారులో దొరకని వస్తువు లేదు. తోలుపట్టీకి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగిందొకటే, నిగనిగలు చూసి మోసపోకండి, పరీక్ష ముంజేతి దగ్గరే ఆపండి.

హుమ్మలో దిగేసరికి నాన్నగారే స్టేషను బల్ల మీద, మొహానికి పంచె చుట్టుకొని కూర్చున్నారు. కత్తికోసం ఆగలేక వచ్చేశారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. స్టేషను కూలీ "అయ్యో" అన్నాడు. నేను పట్టీ చాచి తలదించుకున్నాను.

ఆయన పట్టీ తీసుకోలేదు. నా గెడ్డం పట్టి మొహం పైకెత్తి, బొటనవేలితో పైపెదవి మీద కిందనుంచి పైకి, ఎదురుగా రాశారు. మళ్లీ రాశారు.

"ఎక్కడా తగల్లేదు. బాగుందిరా," అన్నారు. తరవాత పట్టీ అందుకొని భుజాన వేసుకున్నారు. "పద, ఎల్దాం. నేను బతికే ఉన్నానని మీ అమ్మకి నేనే సెప్తాను."