నిమ్మకాయలు తొక్కని కనుమ

రెండు వేల పద్దెనిమిది, జూన్ పదహారు, శనివారం. తెల్లవారుజామున కురిసిన జల్లు వెలిసింది. కెనడాలోని జాస్పర్ ఊరి చుట్టూ కొండల మీద మబ్బులు ఆరేసిన తుండుగుడ్డల్లా వేలాడుతున్నాయి.

లక్ష్మీకాంతం స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీటులో భర్త చక్రధర్ ఒళ్ళో నాలుగు నిమ్మకాయలతో సర్దుకున్నారు. మైదానాల్లోని రెజైనా నుంచి కొండలకు ఆవల పడమటి తీరాన ఉన్న సర్రీకి కాపురం మారుస్తున్న దంపతుల మధ్య ఒప్పందమొకటి ఉంది: మైదానమంతా ఆమె నడపవచ్చు, కనుమ మొదలుకాగానే బండి ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, స్టీరింగు ఆయనకు అప్పగించాలి.

నల్లగొండలో పెరిగి, స్కూటరు వెనక సీటు మీదే సగం జీవితం గడిపిన లక్ష్మీకాంతానికి యాభై దాటాక లైసెన్సు వచ్చింది. సర్రీలో వృద్ధుల ఇళ్ళకు భోజనాలు పంపే వంటశాలవారు, వ్యాను నడపగలిగితే సోమవారమే చేరమన్నారు.

"కొండ ఎక్కించలేని చేతికి సర్రీ ట్రాఫిక్ అప్పజెప్పాలా? రానని ఫోన్ చేసెయ్" అన్నారు చక్రధర్. ఆమె చేయలేదు.

కనుమ అన్న చక్కని మాటను వదిలి ఈనాడు అందరూ ఘాట్ అంటున్నారు. ఎందుకో చెప్పగలవారు లేరు. అది అలా ఉంచితే, చక్రధర్ ఎరిగిన కనుమ శ్రీశైలం దారి ఒక్కటే: మలుపు వెనక మలుపు, కిటికీలోంచి వాంతులు, మొదట్లో ఓ బోర్డు, దాని కింద కొబ్బరికాయలమ్మే మనిషి. పూర్వం పడమటికి వలస వెళ్ళినవారు నానా అగచాట్లు పడి దాటిన, ఇప్పుడు తమ దారిలో రాబోయే యెల్లోహెడ్ కనుమ కూడా ఆ మర్యాద పాటిస్తుందని ఆయన నమ్మకం.

"బోర్డు రాలేదేం?"

"వస్తది లెండి. కాయలు జారకుండ పట్టుకోండి."

"స్లో చెయ్! అద్దం చూస్తున్నావా?"

"అద్దానికి మీ తల అడ్డమొస్తది. జరగండి."

దారి ఏటి పక్కనే నింపాదిగా సాగింది. పక్క రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియా స్వాగత బోర్డు రాగానే చక్రధర్ అక్కడి టైము ప్రకారం చేతిగడియారాన్ని బాధ్యతగా గంట వెనక్కి తిప్పుకున్నారు. మరి కాసేపటికి ఓపిక నశించి, ఒక సరస్సు దగ్గర బండి ఆపించి, కుక్కతో నడుస్తున్న పెద్దావిడను కనుమ ఎక్కడ మొదలవుతుందని అడిగారు.

"మొదలవడమేమిటి? దాటేశారుగా! ఆ సరిహద్దు బోర్డు దగ్గరే" అన్నదావిడ.

"ఒక్క మలుపైనా లేదే!"

"అందుకే వెనకటి వలసవాళ్ళు ఈ దారి వెతుక్కున్నారు. అప్పట్లో రోడ్డా పాడా? ఎడ్లు, బురద, ఆకలి. ఒక గుంపులోనైతే గర్భిణి కూడా ఉంది."

లక్ష్మీకాంతం కిటికీలోంచి తల బయటపెట్టింది. "విన్నరా? ఆమెను కనుమ కాడ దించి మొగుడు పగ్గాలు పట్టిండా?"

"ఇది లెక్కలోకి రాదు! వెనక్కి తిప్పు. పద్ధతిగా మళ్ళీ దాటుదాం, నేను నడుపుతా."

"దాటినదాన్ని మళ్ళ దాటుడేంది? మన సామాన్ల లారీ మనకన్న ముందు ఇల్లు చేరుతది."

"మరి నిమ్మకాయలు?"

"ఈడనే పెట్టండి. తొక్కిస్త."

ఆయన వంగి నాలుగు చక్రాల కిందా పెట్టారు. బండి కదిలింది. కాయలు చితికాయి. కుక్క వచ్చి ఒకదాన్ని నాకి, తుమ్మి, యజమానురాలి వెనక దాక్కుంది.

"ఇదేమిటి?" అన్నది పెద్దావిడ.

"కొండదారి ఎక్కే ముందు మా ఆచారం" అన్నారు చక్రధర్ గంభీరంగా.

"ఎక్కే ముందా?"

ఆయన తొక్కలు ఏరి సంచిలో వేసుకుని, అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు తీశారు. అక్కడ భార్య ఉంది. బండి చుట్టూ తిరిగివచ్చి పక్క సీటులో కూర్చున్నారు.

"సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగారు.

ఆరేళ్ళ తరువాతి చలికాలంలో, రెజైనాలో తనకు డ్రైవింగ్ నేర్పిన సరోజనకు లక్ష్మీకాంతం ఇలా రాసింది:

"సరోజనా, కిందటి వారం ఈయన కంటి ఆపరేషన్ అయింది. ఇంటికి నేనే తీసుకొచ్చాను. కట్టులేని కంటితో రోడ్డు చూస్తూ, తన కాలికింద లేని బ్రేకు దారంతా తొక్కుతూనే ఉన్నారు. నిన్న మా వంటశాల భోజనం ఆలస్యమైందని ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. నేను గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాను. ఈయనే నా ఫోను ఎత్తి, 'రోడ్ల మీద మంచుందండీ. అయినా మా ఆవిడ బయల్దేరిందంటే వచ్చినట్టే' అన్నారు. నేను విన్నానని ఆయనకు తెలియదు. నువ్వూ చెప్పకు."