చీము ఉందంటే అమ్మ నవ్వింది

మా మర్రిగూడ వైపు పల్లెల్లో పిల్లలకు బడి కంటే ముందు ఇంట్లోనే పరీక్ష ఉండేది. మోకాళ్లు మడవకుండా వంగి కాలివేళ్లు ముట్టాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. మా భూమిలోని ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను బిగదీస్తాయని అందరికీ తెలుసు. ఆ నీళ్లు తాగీ తాగీ మా తాత నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. నడిచినా నిలబడ్డా నేలనే చూసేవాడు. అందుకే ప్రతి అమావాస్యకు అమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి "వంగు బిడ్డా" అనేది. నేను ఠక్కున వంగి, ముట్టి, లేచి ఆటకు ఉరికేదాన్ని.

అమ్మకు ఇంకో సొంత వైద్యం కూడా ఉండేది. చెడ్డ నీళ్లు ఎంత తక్కువ తాగితే అంత మంచిదని గ్లాసు కొలిచి పోసేది. దాహమేసి "దూపైతాంది" అని అడిగితే సగం గ్లాసు. మళ్లీ అడిగితే ఒక కసురు. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు కాబట్టి నాకూ అది బాగానే ఉండేది. పొద్దంతా బిగబట్టుకుని ఇంటికొచ్చేదాన్ని.

ఎనభైల చివర్లో, నేను మూడో తరగతిలో ఉండగా చలిజ్వరం వచ్చింది. దాంతోపాటు నడుము పక్కన ఒకటే నొప్పి. అమావాస్య రాకపోయినా అమ్మ వంగమంది. సగం వంగి, ఏడుస్తూ కూలబడ్డాను. అమ్మ నన్ను చూడలేదు, అరుగు మీదున్న తాతను చూసింది. నాకు ఒళ్లు మండింది. జ్వరం నాకొస్తే తాతను చూస్తుందేమిటి?

మర్నాడు నల్లగొండ బస్సెక్కాం. పిల్లల డాక్టరు అడగకముందే అమ్మ మొదలుపెట్టింది.

"నీళ్ల రోగమే సారూ. మా మామకు గిట్లనే మొదలైంది. నడుము పట్టుకపోయింది."

డాక్టరు నా నడుము పక్కన మెల్లగా తట్టాడు. కెవ్వుమన్నాను. "ఒంటికి పోతే మంట పుడుతుందా తల్లీ?" అని అడిగాడు. అంత సిగ్గుమాలిన ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తలూపాను.

"మరి నాకు చెప్పలేదేందే?" అని అమ్మ నా నెత్తిమీద ఒకటి మొట్టింది.

మూత్ర పరీక్షకని చిన్న సీసా ఇచ్చారు. గోడ వెనక అమ్మ కొంగు అడ్డం పట్టింది. రోజూ బిగబట్టుకోలేక చచ్చేదాన్ని, ఆ రోజు మాత్రం చుక్క రాలేదు. నీళ్లు తాగించమని కాంపౌండరు చెంబూ గ్లాసూ తెచ్చిచ్చాడు. అమ్మ అలవాటు కొద్దీ సగం గ్లాసు పోసింది.

"గదేం సరిపోతది? నిండ తాపమ్మా!" అని ఆయన అరిచాడు. ఆ రోజు తాగిన నీళ్ల రుచి నాకు ఇంకా గుర్తుంది.

కాసేపటికి డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. "మూత్రంలో చీము కణాలు చాలా ఉన్నయమ్మా. కిడ్నీకి ఇన్ఫెక్షన్ వచ్చింది."

"బొక్కలది గాదా సారూ?" అని అమ్మ ఎముకల సంగతే అడిగింది.

"బొక్కలకేం కాలేదు. మందులు సక్కగ వాడితే తగ్గిపోతది."

అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనుంచి నీళ్లు కారుతుంటే నవ్వింది. డాక్టరు కంగారుపడ్డాడు. "బిడ్డ మూత్రంలో చీముందంటే నవ్వుతవేందమ్మా?"

"మా మామను జూస్తే తెలుస్తది సారూ."

ఆయన మందులు రాసి, నీళ్లు మాత్రం బాగా తాగించమన్నాడు. నీళ్లు తక్కువ తాగినా, ఒంటికి పోకుండా ఆపుకున్నా ఈ జబ్బుకు దారి ఇచ్చినట్టేనన్నాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఏ నీళ్లు తాపాలె సారూ?"

డాక్టరు కలం పక్కన పెట్టాడు. ఊళ్లో మంచినీళ్లు అసలే లేవా అని అడిగాడు. ఊరవతల సాయిబుల తోటలో ఒక పాతబావి ఉందని, అవి మంచివేనని సర్కారు మనుషులు చెప్పారని, కాకపోతే చాలా దూరమని అమ్మ చెప్పింది.

"దూరమైనా అవే తాపు. కొలవకు."

ఆ రోజు నుంచి అమ్మ బిందెతో తోటకు నడిచింది. తోటవాళ్ల ఇంటి పెద్దమ్మ నా జబ్బు సంగతి విని, "పిల్లకు గదా, ఫికర్ జెయ్యకు, ఎప్పుడన్న రా" అని చేదతాడు చేతికిచ్చిందట. నాకు పోసేటప్పుడు అమ్మ గ్లాసు వైపు చూసేది కాదు, నా గొంతు కదలడమే చూసేది. బడిలో ఒంటికొస్తే పంతులుకు చెప్పి ఇంటికి ఉరికి రమ్మని గట్టిగా చెప్పింది.

మందులయ్యాక మళ్లీ పరీక్ష చేశారు. చీము లేదు. నేను బతికిపోయానని కాదు, మా అమ్మ ఊపిరి పీల్చుకుందని నాకు ప్రాణం లేచొచ్చింది. బస్సు దిగి ఇల్లు చేరగానే అమ్మ నన్ను తాత ముందు నిలబెట్టింది. తాత కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

"వంగు బిడ్డా."

వంగాను. వేళ్లు కాలివేళ్లకు తగిలాయి. తల తిప్పి చూస్తే తాత ముఖం నాకు కనిపించింది, బోసినోటితో నవ్వుతున్నాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాను. ఆయనకు ఇక నా పాదాలే కనిపిస్తున్నాయి.

"లేసినవా బిడ్డా?" అని వాటినే అడిగాడు.

"లేసిన తాతా."